కాగితమే కదా అని పొయ్యిలో పెడుతున్నారా?

ఇది కొంచెం పెద్ద పోస్టు. ఓపిక చేసుకుని చదవండి. చదివాక మీ ఇంట్లో పొయ్యి ముట్టించేవాళ్ళకి కూడా చదివి వినిపించండి. ఈ సంగతి అవసరం వాళ్ళకి, ఫోను మాత్రం మన చేతిలో ఉంటుంది కాబట్టి చెప్తున్నా.

చలి మొదలైంది. తెల్లారకముందే ప్రతి ఇంటి వెనకా నీళ్ళ పొయ్యి వెలుగుతోంది. దీపం పథకం వచ్చింది 1999లో, ఉజ్వల వచ్చింది 2016లో. అన్నం, కూర గ్యాసు మీదకి మారాయి. కానీ స్నానాలకి నీళ్ళు, గొడ్లకి ఉలవలు, పండక్కి అరిసెల పాకం, నలుగురు చుట్టాలొస్తే పెద్ద గిన్నె అన్నం, ఇవన్నీ ఇప్పటికీ కట్టెల మీదే. సిలిండరు ధర చూస్తే తప్పు అని అనలేం కూడా. నా గొడవ కట్టెల పొయ్యితో కాదు. అందులో మనం ఏం కుక్కుతున్నామో దానితో.

పొద్దున్నే ఒకసారి వీధిలో ఆ చివర నుంచి ఈ చివరకి నడవండి. కందికట్టె పొగ వాసన తెలుస్తుంది, పిడక వాసన తెలుస్తుంది. వాటి మధ్యలో గొంతు పట్టుకునే ఘాటు వాసన ఒకటి వస్తుంది చూడండి, అది కట్టెది కాదు. పాల ప్యాకెట్టుది, బిస్కెట్ కవరుది, పెళ్ళి పత్రికది, టీ కప్పుది. అడిగితే అందరి నోటా ఒకటే మాట: "కాగితాలేనండీ, ముట్టించడానికి వేశాం."

కాగితాలు కావండీ. అసలు సమస్య అదే. ఇప్పుడు మన ఇంట్లోకి కాగితం పేరుతో వచ్చేదాంట్లో చాలా ఉత్త కాగితం కాదు. కాగితం మీద ప్లాస్టిక్కు, కాగితం మీద తగరం, కాగితం మీద రసాయనం. పేరు కాగితమే, కాల్చేది మాత్రం ఇంకోటి.

కాగితం అంటే ఏంటో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. జామాయిలు, సుబాబుల్, సరుగుడు మన చేలల్లోనే పెంచి మిల్లులకి తోలుతున్నాం. ఆ కర్రని గుజ్జు చేసి పలచగా పరిస్తే కాగితం. ఉత్త కాగితం కట్టెకి చుట్టమే, అది పొయ్యిలో కాలినా పెద్ద తేడా లేదు. తేడా అంతా ఆ తర్వాత దాని మీద పూసే పూతలో ఉంది. అందుకని పొయ్యి దగ్గర పెట్టే ముందు నాలుగు పరీక్షలు చేయండి. చదువు అక్కర్లేదు, చేతి వేళ్ళు చాలు.

ఒకటి, చింపి చూడండి. ఉత్త కాగితం చిరిగితే అంచున నూగు నూగుగా పీచు కనిపిస్తుంది. చిరిగేటప్పుడు పలచటి పొర సాగినట్టు వస్తే దాని మీద ప్లాస్టిక్కు ఉంది.

రెండు, నలిపి ఉండ చేయండి. కాగితమైతే ఉండలా ఉండిపోతుంది. మళ్ళీ విచ్చుకుంటే అది ప్లాస్టిక్కు పొర. వెండి రంగు చిప్స్ ప్యాకెట్టు ఇలా పట్టుకుని చూడండి, మీకే తెలుస్తుంది.

మూడు, నీటి చుక్క వేయండి. పీల్చుకుంటే పొయ్యికి. జారిపోతే వద్దు.

నాలుగు, గోటితో గట్టిగా గీయండి. నల్లటి గీత పడితే అది బిల్లు మిషన్లలో వాడే కాగితం. దాని సంగతి కింద చెప్తా.

ఇక ఏవి వేయొచ్చో ముందు చెప్తా, లేకపోతే ఈయన అన్నీ వద్దంటాడు అంటారు.

పాత దినపత్రిక, మామూలు పేజీలు. పిల్లలు రాసేసిన నోటుబుక్కు కాగితాలు, అట్ట, పిన్నులు తీసేసి. సరుకులు పొట్లం కట్టిన ఉత్త కాగితం. గుడ్ల అట్టలు, ఇవి పాత కాగితం గుజ్జుతో చేసినవే, బాగా అంటుకుంటాయి. పార్సిళ్ళకి వచ్చే గోధుమరంగు అట్టపెట్టె, కానీ దాని మీద అంటించిన టేపు, అడ్రసు స్టిక్కరు పూర్తిగా పీకేసి, ముక్కలు చేసి. అంతే. ఇవైనా ముట్టించడానికి ఒక గుప్పెడు, అంతకన్నా వద్దు. కట్టెకి బదులుగా కాగితం కట్టలు కట్టలు వేస్తే భగ్గున లేస్తుంది, నిప్పు అంటుకున్న కాగితం గాలికి పైకి ఎగురుతుంది. పక్కనే గడ్డివామి, పైన తాటాకు పాక ఉన్న ఇళ్ళు మనవి. చలికాలం గాలిలో ఒక్క రవ్వ చాలు.

గుడ్ల అట్ట గురించి ఇంకో మాట. కొట్టంలో దోమలకని దాన్ని రాజేసి పొగ పెడతారు. మంట లేకుండా రాజుకునేదే ఎక్కువ పొగ. తలుపులు మూసిన గదిలో, పసిపిల్లలు పడుకునే చోట ఆ పని చేయొద్దు.

ఇక వేయకూడనివి. ఇవి ఎక్కువ, కొంచెం నిదానంగా చదవండి.

పేపర్ కప్పు. టీ పోసినా నానకుండా ఎలా నిలబడుతుందని ఎప్పుడైనా ఆలోచించారా? లోపల పాలిథీన్ పొర ఉంటుంది. ఒక కప్పుని రాత్రంతా నీళ్ళలో నానబెట్టి పొద్దున చేత్తో పిసకండి. కాగితం గుజ్జయి పోతుంది, పలచటి కప్పు ఆకారం పొర చేతిలో మిగులుతుంది. ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్ళు పరిశోధన చేసి, 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం అలాంటి కప్పులో 15 నిమిషాలు ఉంటే సుమారు 25,000 సన్నని ప్లాస్టిక్ రేణువులు అందులో కలుస్తాయని చెప్పారు. అలాంటి కప్పులు ఫంక్షను అయిపోయాక గోనెసంచికి ఎత్తి నీళ్ళ పొయ్యిలోకి వేస్తున్నాం.

సిల్వర్ ప్లేట్లు, బిర్యానీ పార్సిల్ కవర్లు, స్వీటు డబ్బాలు. తళతళలాడేది ఏదైనా సరే, అది ప్లాస్టిక్కు మీద లోహం పూతో, కాగితానికి అంటించిన తగరమో. మోదుగాకు, అడ్డాకు విస్తరి ఎంగిలైతే పెంటలో వేసేవాళ్ళం, కుళ్ళి ఎరువయ్యేది. ఈ ప్లేటు కుళ్ళదు, కాలదు, కాలినట్టు నటిస్తుంది.

పెళ్ళి పత్రికలు. మీద బంగారు రంగు అచ్చు, వెల్వెట్టు పూత, ప్లాస్టిక్ పొర. పసుపు పూసిన పలచటి శుభలేఖ కాలం పోయింది. పైగా దాని మీద దేవుడి బొమ్మ ఉందని చెత్తలో వేయడానికి చేతులు రావు, పొయ్యిలో వేస్తే పుణ్యం అనుకుంటారు. దేవుడి బొమ్మ వరకు కత్తిరించి తీసిపెట్టుకోండి, మిగతాది పొడి చెత్తలోకి వేయండి. క్యాలెండర్లు కూడా అంతే. మెరిసే కాగితం, పైన రేకు పట్టీ.

మెరిసే రంగు పుస్తకాలు, కరపత్రాలు. ఆ నునుపు కోసం కాగితం మీద సన్నటి మట్టి, సున్నపు పొడి పూస్తారు. బరువులో నాలుగో వంతు, ఒక్కోసారి మూడో వంతు అదే. అందుకే అవి సరిగా అంటుకోవు, నల్లగా మాడి పొగలు కక్కుతాయి. చూడ్డానికి కాగితమే, కాల్చేది సగం మట్టి.

బిల్లు కాగితాలు. ఏటీఎం చీటీ, కొట్టు బిల్లు, బస్సు టిక్కెట్టు, ఇవి సిరాతో అచ్చు వేసినవి కావు. కాగితం మీదే రసాయనం పూత ఉంటుంది, వేడి తగిలితే నల్లబడుతుంది. ఆ పూతలో చాలాచోట్ల వాడేది బిస్ఫినాల్ అనే రసాయనం. శరీరంలో హార్మోన్ల పనికి అడ్డం పడుతుందని యూరప్‌లో 2020 జనవరి నుంచి ఈ కాగితంలో బిస్ఫినాల్-ఎ వాడకాన్ని నామమాత్రానికి తగ్గించేశారు. దీన్ని పొయ్యిలోనే కాదు, పాత పేపర్ల బండికి వేసే కట్టలో కూడా కలపొద్దు.

ఇక ఫ్లెక్సీ. ఇది కాగితం కాదని అందరికీ తెలుసు. అయినా పుట్టినరోజు ఫ్లెక్సీ, ఎన్నికల ఫ్లెక్సీ చివరికి చేరేది పొయ్యిలోకో భోగి మంటలోకో. అది పీవీసీ. అందులో క్లోరిన్ ఉంటుంది. కాలితే ఉప్పు ఆమ్లం ఆవిరి వస్తుంది, డయాక్సిన్లు పుడతాయి. డయాక్సిన్ల లాంటి విషాలు తొందరగా నశించవు, కొవ్వులో చేరి నిల్వ ఉంటాయి. మేత మీద పడితే గేదె కొవ్వులోకి, అక్కడి నుంచి పాలలోకి వస్తాయి. ఇలాంటి విషాలని అరికట్టడానికే 2001లో స్టాక్‌హోమ్ ఒప్పందం రాశారు, మన దేశం కూడా 2006లో ఒప్పుకుంది. చెత్తని బయట కాల్చడం వాటి పుట్టుకకి ఒక కారణం అని ఆ ఒప్పందంలోనే ఉంది.

చివరిది మన సొంత చెత్త. విత్తనాల కవర్లు, పురుగుమందు అట్టపెట్టెలు. విత్తనం గులాబీ రంగులోనో నీలం రంగులోనో ఎందుకు ఉంటుంది? మందు పట్టించారని తెలియడానికి రంగు వేస్తారు. ఆ పొడి కవరు లోపల అంటుకునే ఉంటుంది. పురుగుమందు సీసా కారిన అట్టపెట్టె కూడా అంతే, అట్ట మంచిదే గానీ అది పీల్చుకున్నది మంచిది కాదు. 1971 పురుగుమందుల నిబంధనల్లో, వాడేసిన డబ్బాలని మళ్ళీ వాడకుండా పగలగొట్టి ఇళ్ళకి దూరంగా పూడ్చాలని ఉంది. చేలో మందు కొట్టేటప్పుడు మూతికి తువ్వాలు కట్టుకునే మనం, అదే మందు పెట్టెని ఇంట్లో ఆడవాళ్ళ మొహం ముందు కాల్చమని ఇస్తున్నాం. ఇదేం తెలివి?

"మంటలో పడితే విషమైనా ఏదైనా బూడిదే కదా" అంటారు. కాదు. చెత్త కాల్చడానికి కట్టిన కర్మాగారాల్లో వేడి 850 డిగ్రీలు దాటాలి, పొగ ఆ వేడిలో కనీసం రెండు సెకన్లు ఉండాలి, పైన వడపోతలు ఉండాలి. మన మూడు రాళ్ళ పొయ్యిలో అంత వేడి నిలకడగా ఎక్కడిది? పైగా కవర్లు వేసేదే ముట్టించేటప్పుడు. అప్పుడు పొయ్యి చల్లగా ఉంటుంది, కట్టె ఇంకా అందుకోలేదు. అంటే సగం కాలి, సగం మాడి, ఎక్కువ పొగ వచ్చే వేళ. సరిగ్గా ఆ వేళలోనే మనిషి వంగి గొట్టంతో ఊదుతుంది. ఊదడానికి ముందు గుండెల నిండా గాలి పీలుస్తుంది. ఆ గాలి ఎక్కడిది? ఆ పొయ్యి దగ్గరిదే.

ఉత్త కట్టెల పొగే మంచిది కాదు. ఇళ్ళలో పొయ్యిల పొగ వల్ల 2020లో ప్రపంచం మొత్తం మీద 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. దాని మీద మనం ప్లాస్టిక్కు కూడా కలపాలా?

పొగ గురించి ఎవరో ఒకరు మాట్లాడతారు. బూడిద గురించి ఎవరూ మాట్లాడరు. పట్నంలో బూడిద చెత్త, మన ఇంట్లో సరుకు. అంట్లు తోముతాం, కొంతమంది పెద్దవాళ్ళు ఇంకా పళ్ళు తోముతారు, పెసలు మినుములు పురుగు పట్టకుండా కలిపి దాస్తాం, పెరట్లో వంగకి బెండకి పేను పడితే చల్లుతాం, మిగిలింది పెంటకుప్పలో వేసి చేనుకి తోలుతాం. పొగలో పోనిది బూడిదలో మిగులుతుంది. రంగు అచ్చుల్లో, తగరం పూతల్లో ఉండే లోహాలు మంటకి మాయం కావు, బూడిదలోకే వస్తాయి. ఇవాళ పొయ్యిలో వేసిన స్వీటు డబ్బా రేపు గిన్నె మీద, ఎల్లుండి వంకాయ మీద ఉంటుంది.

దినపత్రికలో వేడి బజ్జీలు కట్టొద్దని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2016లో చెప్పింది, 2023లో మళ్ళీ చెప్పింది. సిరాలో సీసం లాంటి లోహాలు ఉండొచ్చు, తిండికి అంటుకుంటాయని. అంటే మామూలు పేపరు కూడా ముట్టించడానికి గుప్పెడు చాలని నేను ఎందుకన్నానో అర్థమైందిగా. నా సలహా ఏంటంటే, కాగితం వేసి ముట్టించిన పొయ్యి బూడిదని పళ్ళకి, గిన్నెలకి, గింజలకి వాడొద్దు. దేనికైనా బూడిద కావాలంటే ఉత్త కట్టె, పిడక కాల్చిన పొయ్యిది విడిగా తీసి పెట్టుకోండి.

ఇప్పుడు నాకు ఎదురొచ్చే మాటలు నాకు తెలుసు.

"మా తాతల కాలం నుంచి కాలుస్తున్నాం, ఏమైంది?" తాతల కాలంలో ఇంటికొచ్చిన కాగితం ఏంటండీ? పోస్టు కార్డు, పంచాంగం, కొట్టువాడి పొట్లం. అవి కాల్చారు. పుస్తకం కాలికి తగిలితే కళ్ళకద్దుకున్న మనుషులు, కాగితమే అపురూపం వాళ్ళకి. వాళ్ళు పాల ప్యాకెట్టు కాల్చలేదు, ఆ రోజుల్లో పాలు చెంబులో వచ్చేవి. తాతల పేరు చెప్పి మన తప్పు వాళ్ళ నెత్తిన వేయకండి.

"ఒక్క కవరే కదా." రోజుకి ఒకటి వేస్తే ఏడాదికి 365. మీ వీధిలో 40 ఇళ్ళుంటే 14,600. అందరూ పీల్చేది ఒకటే గాలి.

"రేషన్లో కిరసనాయిలు రావడం లేదు, దేనితో ముట్టించాలి?" ఇది న్యాయమైన ప్రశ్న. కొబ్బరి పీచు, ఎండిన తాటాకు, కొబ్బరి మట్ట చీలికలు, మొక్కజొన్న పొత్తు మీది తొక్కలు, కంది పుల్లలు. వానలు మొదలయ్యేలోపు ఒక బస్తాడు ఎండబెట్టి అటక మీద పెట్టుకుంటే ఏడాది గడుస్తుంది. తడి కట్టె వల్లే కవర్లతో పని పడుతోంది. కట్టె ఎండితే కవరుతో పనే లేదు. కట్టెలు ఎండబెట్టడం, చీల్చడం మగవాళ్ళు చేయగలిగిన పని. చేస్తే ఆవిడకి ఊదే బాధ కూడా తప్పుతుంది.

"మరి ఈ చెత్తంతా ఎక్కడ పడేయాలి?" అసలు ప్రశ్న ఇది. దీనికి నేను ఇంటి ఆడవాళ్ళని తిట్టను. చెత్త తీసుకెళ్ళే బండి రానప్పుడు, కాలవలో వేస్తే నీళ్ళు ఆగుతాయి, బయట వేస్తే గేదెలు తింటాయి, అందుకని ఆవిడ పొయ్యిలో వేస్తోంది. తన ఊపిరితిత్తులతో ఊరిని శుభ్రం చేస్తోంది. ఆ పని చేయాల్సింది ఆవిడ కాదు.

2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల్లో గ్రామ పంచాయతీలకి బాధ్యత పెట్టారు. తయారుచేసి అమ్మిన కంపెనీలు ఆ చెత్త వెనక్కి తీసుకునే బాధ్యత కూడా అందులోనే ఉంది. ఊళ్ళల్లో చెత్త నుంచి సంపద అని షెడ్లు కట్టారు. మా షెడ్డులో ఇప్పుడు మేకలు పడుకుంటున్నాయి. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో, బయట చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయలు జరిమానా అని చెప్పింది. చెత్త కాల్చినవాడికి జరిమానా ఉంది సరే, చెత్త తీయనివాడికి ఏముంది?

కంపెనీల తెలివి చూడండి. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులు, ప్లేట్లు నిషేధం. స్వీటు డబ్బాలకి, ఆహ్వాన పత్రికలకి చుట్టే ప్లాస్టిక్ పొర కూడా ఆ జాబితాలో ఉంది. మంచిదే. మరి లోపల ప్లాస్టిక్ పూసిన పేపర్ కప్పు మాత్రం కొట్టు ముందు దర్జాగా వేలాడుతోంది, మీద ఆకుపచ్చ ఆకు బొమ్మతో. ప్లాస్టిక్కుని బయటికి పంపి కాగితం చొక్కా తొడిగి మళ్ళీ లోపలికి తెచ్చారు. మనం "పేపరే కదా" అని పొయ్యిలో వేస్తున్నాం. మందు డబ్బా మీద ఎర్ర ముక్కోణం ఉన్నట్టు, వీటి మీద "ఇందులో ప్లాస్టిక్ ఉంది, కాల్చకూడదు" అని తెలుగులో పెద్ద అక్షరాలతో ఎందుకు అచ్చు వేయించరు? కంపెనీ పేరుకి చోటుంది, ఈ మాటకి చోటు లేదా?

కాబట్టి నేను అడిగేవి ఇవి. పంచాయతీ వాళ్ళు వారానికి ఒక్కసారైనా పొడి చెత్త కోసం ట్రాక్టరు పంపాలి, ఫలానా రోజని ముందే చెప్పాలి. గ్రామసభలో ఈ మాట లేవనెత్తండి, రోడ్డు గురించి అడిగినంత గట్టిగా అడగండి. విత్తనాలు, మందులు అమ్మే కొట్టువాళ్ళు ఖాళీ కవర్లు, డబ్బాలు వెనక్కి తీసుకోవాలి. అప్పుగా ఇచ్చిన డబ్బులు వసూలు చేసుకోవడానికి ఊళ్ళోకి రాగలిగిన వాళ్ళు డబ్బాల కోసం రాలేరా? ఫంక్షను చేసేవాళ్ళు విస్తరాకులు, స్టీలు గ్లాసులు పెట్టాలి. గ్లాసులు కడిగే మనిషికి ఇచ్చే కూలి మన ఊళ్ళోనే ఉంటుంది.

బండి వచ్చేదాకా ఇంట్లో చేయగలిగింది చిన్నదే. పొయ్యి పక్కన రెండు సంచులు తగిలించండి. ఒకదాంట్లో ఉత్త కాగితం, రెండోదాంట్లో మెరిసేది, సాగేది, నీళ్ళు పీల్చనిది. మొదటిది పొయ్యికి గుప్పెడు, మిగతాది పాత పేపర్ల బండికి. కిలోకి ఎంతిచ్చినా డబ్బులే. రెండోది ఎంత నిండినా పొయ్యి దగ్గరకి రాకూడదు. పాల ప్యాకెట్లు కడిగి ఆరబెట్టి ఉంచితే చాలాచోట్ల పాత సామాన్ల వాళ్ళు తీసుకుంటారు, అడగండి. అనుమానం వస్తే పొయ్యిలో వేయకండి, అంతే లెక్క.

పిల్లలకి ఆ నాలుగు పరీక్షలు నేర్పండి. చింపు, నలుపు, తడుపు, గీకు. రెండు రోజుల్లో వాళ్ళే ఇంట్లో పెద్దవాళ్ళని ఆపుతారు.

నాకు తెలిసింది రాశాను. మీ ఊళ్ళో చెత్త బండి వస్తోందా, ఎన్ని రోజులకి వస్తోంది, షెడ్డు నడుస్తోందా మూతపడిందా, కింద రాయండి. అందరివీ కలిపి మండలాఫీసులో ఇద్దాం. రేపు పొద్దున నీళ్ళ పొయ్యి ముట్టించేటప్పుడు మాత్రం మగవాళ్ళు ఒక్కసారి లేచి దాని దగ్గర కూర్చోండి. పది నిమిషాలు ఊదండి. ఆ తర్వాత చెప్పండి, ఏ కవరు వేద్దామో.